గోడ అవతలికి అందించిన షర్బత్

మేము కొత్తగూడలో అద్దెకు దిగిన ఏడాది ఎండలు మార్చిలోనే ముదిరాయి. మా వారికి కాకినాడ నుంచి హైదరాబాదు బదిలీ అయింది. ఆయన ఆఫీసు నగరానికి ఆ చివర. ఇల్లు మాత్రం ఈ చివర తీసుకున్నారు. "ముందు ముందు అంతా ఇటే పెరుగుతుందట, ఇప్పుడే వచ్చి స్థిరపడితే మంచిది" అన్నారు. మేం వచ్చేనాటికి అక్కడ పెరుగుతున్నది దుమ్మొక్కటే. మాదాపూర్ వైపు హైటెక్ సిటీ భవనం పైకి లేస్తోంది. రోడ్ల కోసం, పునాదుల కోసం మధ్యాహ్నం పూట బండలు పేల్చేవారు. పేలుడు వినపడగానే మా వంటింటి అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేసేవి. మొదటి వారం ఉలిక్కిపడ్డాను. తర్వాత ఆ చప్పుడు వింటే అన్నాలకు వేళయిందని అనుకోవడం అలవాటైంది.

మాది కింది వాటా. ఇంటివాళ్ళు పైన ఉండేవారు. పెరట్లో ఒక చాకిరేవు బండ, దాని పక్కన నేలలోకి కట్టిన నీళ్ళ సంపు, సంపు మీద ఇనప మూత. బోరు ఫిబ్రవరిలోనే ఎండిపోయింది. రోజు విడిచి రోజు ట్యాంకరు వచ్చి సంపు నింపి వెళ్ళేది. పక్క స్థలంలో అపార్టుమెంటు కడుతున్నారు. వాళ్ళ తొట్టిని నింపేదీ అదే ట్యాంకరు. మా పెరటికీ ఆ స్థలానికీ మధ్య నా భుజాల ఎత్తు గోడ ఒకటి ఉండేది.

నీళ్ళ గురించి ఇంకొక మాట ముందే చెప్పాలి. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. అంతకు ముందు ఏడాది కాకినాడలో దానికి టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు మంచం దిగలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో కాచని నీళ్ళు ఎవరి నోట్లోకీ పోలేదు. పొద్దున్నే పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లకాచి, చల్లార్చి, పల్చటి బట్టతో వడగట్టి, స్టీలు బిందెలో పోసి మూతపెట్టేదాన్ని. ఎవరైనా ఆ బిందెలో గ్లాసుతో పాటు వేళ్ళు ముంచితే కేకలేసేదాన్ని. కాబట్టి నీళ్ళ సంగతి నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు.

పక్క స్థలంలో రేకుల షెడ్డు వేసుకుని వాచ్‌మన్ దంపతులు ఉండేవారు. పాలమూరు వైపు ఊరు. అతనికి పాతికేళ్ళుంటాయి. ఆమెకి ఇరవై కూడా ఉండవు. అతను పగలు కూడా మేస్త్రీ దగ్గర పని చేసేవాడు. ఆమె గోడలు తడిపేది, ఇసుక జల్లించేది. నేను ఆమెను మొదట చూసినప్పుడు నాలుగో నెల. కడుపు ఇంకా చీర కుచ్చెళ్ళలో దాగే ఉంది.

ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే గోడ మీదుగా తల కనిపించింది.

"అమ్మా, జర చల్లటి నీళ్ళుంటే పోస్తరా? మా తొట్టి నీళ్ళు సిమెంటు వాసనొస్తున్నయి. గొంతు దిగుతలేవు."

లోపలికి వెళ్ళాను. అప్పుడే మా అమ్మాయి కోసం నిమ్మకాయ షర్బత్ కలిపి పెట్టాను. అందులోంచే ఒక గ్లాసు నింపి ఇచ్చాను. సగం తాగి ఆగి, గ్లాసులోకి చూసింది.

"గివేందమ్మా, కప్పగుడ్ల లెక్క ఉన్నయి!"

"సబ్జా గింజలమ్మా. నానేస్తే అలా ఉబ్బుతాయి. చలవ చేస్తాయి, తాగు."

ఒక గింజను నాలుక మీద పెట్టుకుని పరీక్షగా కొరికింది. నవ్వింది. మిగిలినది గటగటా తాగేసి, "మస్తుగున్నది గానీ, ఉప్పు తక్కువైంది" అంది. నాకు కోపం రావలసింది. రాలేదు. ఊరుగాని ఊళ్ళో మూడు నెలలుగా నేను చేసినదాన్ని బాగుందనో బాగాలేదనో చెప్పిన మనిషి లేదు. మా వారు ఏం పెట్టినా తినేసి పేపరు చదువుకునేవారు.

ఆ షర్బత్ మా అమ్మ చేసే పద్ధతి. సుగంధిపాల వేళ్ళు కాకినాడ నుంచి తెచ్చుకున్నాను. వాటిని కడిగి, రోకటితో మెల్లగా నలగ్గొట్టి, లోపలి ఈనె తీసేసి, పై బెరడు మాత్రం రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్న ఆ నీళ్ళతోనే పొయ్యి మీద పెట్టి సగానికి సగం ఇగిరేదాకా మరిగించాలి. వడగట్టి, పంచదార వేసి, చేతివేళ్ళకు అంటుకునేంత లేత పాకం వచ్చాక దించి సీసాలో పోసి పెట్టుకుంటే పది రోజులు వస్తుంది. మధ్యాహ్నం నీళ్ళలో ఆ పాకం, నిమ్మకాయలు, నలిపిన పుదీనా, నాలుగు తులసాకులు, కొంచెం ఉప్పు, నానిన సబ్జా. అంతే. ఇల్లంతా ఆ వేళ్ళ వాసన పట్టేది. పేలుళ్ళ దుమ్ము వాసన కాసేపు పోయేది.

మర్నాడు కూడా ఆమె వచ్చింది. నీళ్ళు అడగలేదు. గోడకి అవతల నిలబడి, "బట్టలు ఆరేసిండ్రా అమ్మా?" అంది. నేను గ్లాసు తెచ్చి ఇచ్చాను. ఈసారి ఉప్పు ఎక్కువ వేశాను.

ఉగాది దాటేసరికి ఆమె ఒక్కతే కాదు, ఆమెతో పాటు ఇటుకలు మోసే ఆడవాళ్ళు మరో ఐదుగురు కూడా రావడం మొదలుపెట్టారు. వాళ్ళను పిలిచింది నేనే. ఆ ఎండలో తట్టలు మోసి, గోడ నీడ బెత్తెడు ఉంటే అందులో నిలబడి అన్నం తినేవారు. చూసి ఊరుకోలేకపోయాను. బజారులో ఒక పెద్ద కుండ కొని, గోడ దగ్గర ఇసుక పోసి, దాని మీద పెట్టాను. వాళ్ళకి వేరే గ్లాసులు పెట్టాను. ఇది కూడా చెప్పాలి. అప్పుడు నాకందులో తప్పేమీ కనపడలేదు.

మొదటి నాలుగైదు రోజులు కుండలోనూ కాచిన నీళ్ళే పోశాను. కుండెడు నీళ్ళు కాచాలంటే పొయ్యి గంట సేపు మండాలి. ఆ రోజుల్లో గ్యాసు బండ బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఒకసారి మూడు వారాలు రాలేదు. వంట కిరోసిన్ స్టవ్ మీదికి మారింది. ఇంట్లోకి తాగే నీళ్ళు కాచడానికే కష్టమైంది. ఒక పొద్దున్న కుండ ముందు నిలబడి కాసేపు ఆలోచించాను. సంపు మూత తీసి, బకెట్టుతో తోడి, బట్ట అడ్డం పెట్టి కుండలో పోశాను. నీళ్ళు తేటగానే ఉన్నాయి. వాళ్ళకు అలవాటే కదా అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు గానీ, సరిగ్గా ఆ మాటలతోనే అనుకున్నాను. తర్వాత గ్యాసు వచ్చింది. అప్పటికి సంపు నీళ్ళు పోయడం నాకే అలవాటైపోయింది.

వేళ్ళను గంటసేపు మరిగించి చేసిన పాకాన్ని ఆ పచ్చినీళ్ళలో కలిపేదాన్ని. మా అమ్మాయికి మాత్రం విడిగా, బిందెలో నీళ్ళతో, సీసాలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని.

ఏప్రిల్ చివరికి ఆమె గోడ చుట్టూ తిరిగి గేటులోంచే మా పెరట్లోకి రావడం మొదలైంది. పని ఆపే గంటలో చాకిరేవు బండ మీద కూర్చునేది. వేళ్ళు నలగ్గొట్టే పని తనే తీసుకుంది. నేను కొడితే ఈనె కూడా ముక్కలైపోయేది. ఆమె రెండు దెబ్బలు వేసి వేలితో లాగితే బెరడు తొడుగులా ఊడి వచ్చేది.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"మా అడివిల గీ తీగ మస్తుంటదమ్మా. మా అమ్మ తవ్వుకొచ్చి సంతల అమ్ముతది. గిట్ల షర్బత్ చేస్తరని మాకెరుక లేదు. ఒంట్ల వేడి చేస్తే మరగబెట్టుకొని తాగుతం, చక్కెర గిక్కెర ఏం వెయ్యం." బెరడు ముక్క ఒకటి పంటి కింద పెట్టుకుంది. "ఈసారి ఇంటికి పోతే మా అమ్మకు చేసి పోస్త. ఎట్ల చెయ్యాల్నో మల్ల చెప్పుండ్రి, యాదికి పెట్టుకుంట."

నేను చెప్పేదాన్ని. ఆమె నిమ్మకాయలు ఎన్ని, పంచదార ఎంత అని వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. ఒక రోజు డాల్డా డబ్బాలో మన్ను నింపుకుని పుదీనా కాడలు నాటి తెచ్చి మా గోడ పక్కన పెట్టింది. "బజార్ల ఎందుకు కొనుడు? రోజు గోడలు తడుపుతనే ఉంట గద, దీనికిన్ని పోస్త" అంది. పదిహేను రోజుల్లో గుప్పెడు ఆకు వచ్చింది.

ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళిపోతానని చెప్పింది. మే నెలాఖరుకు మాట మార్చింది. మూడో స్లాబు వేసేదాకా ఆగమని మేస్త్రీ ఆమె భర్తతో అన్నాడట. "ఎట్లైనా ఎనిమిదో నెల పడకముందే పోతనమ్మా. ఫికర్ లేదు" అంది. ఆగు అనో వెళ్ళు అనో నేనేమీ అనలేదు. ఆమె వెళ్ళకపోతే బాగుండునని మాత్రం మనసులో ఉంది. మధ్యాహ్నాలు ఆమె లేకుండా ఎలా గడుస్తాయో అప్పటికే నాకు తెలియడం లేదు.

జూన్‌లో రెండు వానలు పడ్డాయి. రోడ్లు బురదయ్యాయి. ఎండ తగ్గినా ఉక్కపోత తగ్గలేదు. ఒక మధ్యాహ్నం ఆమె షర్బత్ సగం గ్లాసు బండ మీద పెట్టేసింది.

"సయిస్తలేదమ్మా. బువ్వ జూస్తేనే కడుపుల తిప్పుతున్నది."

"ఏడో నెల కదమ్మా. వేడి చేసి ఉంటుంది." ఇంకో నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి కలిపాను. "బలవంతంగా అయినా ఇది తాగు."

తాగింది. అది మాత్రం నిలిచింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె కడుపులో నిలిచింది అదొక్కటే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పని దిగాక ఒకసారి, కుండలోంచి ముంచి నేనే ఇచ్చాను. "నేను కలిపిందొక్కటే దానికి ఒంటబడుతోంది" అని మా వారితో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఐదో రోజు మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. లోపలికి వచ్చి అడిగింది: "అమ్మా, ఆ అక్క కళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయేంటి?"

నేను బయటికి వెళ్ళి చూశాను. గోడ నీడలోంచి ఎండలోకి రమ్మన్నాను. కింది రెప్ప లాగి చూశాను. పసుపు పూసినట్టున్నాయి. అరచేతులు కూడా.

సాయంత్రం ఆమె భర్తను పిలిచి చెప్పాను. అతను అప్పటికే కనుక్కున్నాడు. "మా పక్కూరాయన చెప్పిండమ్మా, లింగంపల్లి దాటినంక ఒకాయన కామెర్లకు పసరు పోస్తడట. మూడు దినాలు ఉప్పు, కారం బంద్ చెయ్యాలంట."

అప్పుడు నేను డాక్టరుకి చూపించమని చెప్పి ఉండాల్సింది. మా అమ్మాయికి జ్వరం తగిలితే రెండో రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తే మనిషిని. కానీ కామెర్లకు పసరు పోయించడం మా వైపు కూడా ఉంది. మా మేనమామకి అలాగే తగ్గిందని ఇంట్లో చెప్పుకునేవారు. "సరే, తీసుకెళ్ళు. జాగ్రత్త" అన్నాను. మూడు రోజులూ ఉప్పు లేకుండా షర్బత్ కలిపి ఇచ్చాను. కుండ అదే. నీళ్ళు అవే.

నాలుగో రోజు పొద్దున నేను గిన్నెలు తోముతుంటే గోడ మీదుగా ఆమె తల కనిపించింది. జుట్టు ముడి వేసుకోలేదు.

"అమ్మా, జర చల్లటి నీళ్ళుంటే పోస్తరా?" అంది. ఎవరో కొత్తవాళ్ళని అడిగినట్టు అడిగింది.

"ఏంటే అలా అడుగుతున్నావు? లోపలికి రా" అన్నాను.

నా వైపు చూసింది గానీ గుర్తుపట్టినట్టు లేదు. గ్లాసు ఇచ్చాను. తీసుకుని నోటి దాకా తీసుకెళ్ళలేదు. మెల్లగా వంచి, తన పాదాల మీద పోసుకుంది. ఖాళీ గ్లాసు మళ్ళీ నా వైపు చాపి, అదే మాట, అదే గొంతుతో అంది: "అమ్మా, జర చల్లటి నీళ్ళుంటే పోస్తరా?"

ఆమె భర్త కోసం కేకలు వేశాను. మా వారు ఆఫీసుకి వెళ్ళిపోయారు. అమ్మాయిని పైన ఇంటివాళ్ళకి అప్పజెప్పి, ఆటోలో నేనూ వాళ్ళతో ఎక్కాను. నగరంలో పెద్ద ప్రభుత్వ దవాఖానకు గంటకు పైగా పట్టింది. దారి పొడుగునా ఆమె తల నా భుజం మీద ఉంది. ఊపిరి ఏదో మురిగిన వాసన వేస్తోంది. అతను ముందు సీటులో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని, పదే పదే వెనక్కి తిరిగి, "ఏమైందే? ఏమైందే నీకు?" అంటున్నాడు. ఆమె ఒక్కసారే మాట్లాడింది. "స్లాబు అయిందా?" అంది.

దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కళ్ళు చూసి, పొట్ట తడిమి, చేతులు చాపి పట్టుకోమని చెప్పింది. ఆమె చేతులు పక్షి రెక్కల్లా కిందికి కొట్టుకున్నాయి. వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి మా ఇద్దరినీ పక్కకి పిలిచింది.

"ఇది నీళ్ళ వల్ల వచ్చే కామెర్లలా ఉంది. మామూలు వాళ్ళకి వచ్చి పోతుంది. కడుపుతో ఉన్న వాళ్ళకి చాలా ప్రమాదం. ఎన్ని రోజుల నుంచి ఉంది? ఇన్నాళ్ళు ఏం చేశారు?"

అతను పసరు సంగతి చెప్పాడు. డాక్టరమ్మ అది రాసుకుంది.

"తాగే నీళ్ళు ఎక్కడివి?"

"ట్యాంకరు నీళ్ళమ్మా" అన్నాడతను. అని, నా వైపు చూసి, "గీ అమ్మ రోజు షర్బత్ చేసి పోస్తది, బిడ్డ లెక్క చూసుకుంటది. వారం దినాల సంది గదే తాగి ఉన్నదమ్మా, ఇంకేం ముట్టలె" అన్నాడు. నాకు మంచి పేరు రావాలనే చెప్పాడు.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "అది కాచిన నీళ్ళతోనే చేస్తున్నారా అండీ?"

"అవునండీ" అన్నాను.

ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు. ఆమె అడగడమూ నా నోట్లోంచి మాట రావడమూ ఒకేసారి జరిగిపోయాయి. ఆమె తల ఊపి, అది కూడా రాసుకుంది. అతను కూడా తల ఊపాడు. నిజం చెప్తే వైద్యంలో ఏమైనా తేడా వచ్చేదా అని తర్వాత వేరే డాక్టర్లని, సంగతి చెప్పకుండా, అడిగాను. రాదన్నారు. ఆ మాట విని కొంత ఊరట కలిగింది. ఊరట కలిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు ఫ్లాస్కులో నీళ్ళు పట్టుకెళ్ళాను. ఇరవై నిమిషాలు కాచిన నీళ్ళు. వార్డు బయట అతను గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నర్సు నా చేతిలో ఫ్లాస్కు చూసి, "నోటితో ఏం ఇవ్వొద్దు, స్పృహ లేదు" అంది. ఆ నీళ్ళు అతనికి పోశాను. తాగాడు.

ఆ సాయంత్రం బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఊపిరి లేదు. ఆమెకు రక్తం ఆగలేదు. మూడో రోజు పొద్దున పోయింది. నేను అక్కడ లేను. అమ్మాయికి స్కూల్లో ఏదో చిన్న పరీక్ష ఉందని ఇంట్లో ఉండిపోయాను. మేస్త్రీ వచ్చి గేటు దగ్గర నిలబడి చెప్పాడు. వ్యాను మాట్లాడుకుని అటునుంచి అటే ఊరికి తీసుకెళ్ళిపోయారట. ఆమె అమ్మ దవాఖానకు వచ్చేసరికి అంతా అయిపోయిందట. ఆ అమ్మను నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ వారంలోనే ఇటుకలు మోసే వాళ్ళలో ఇద్దరికి కళ్ళు పచ్చబడ్డాయి. ఇద్దరూ లేచి తిరిగారు. మా ఇంట్లో ముగ్గురికీ ఏమీ కాలేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని నేను చాలా రోజులు చూశాను.

ఎవరో ఫిర్యాదు చేస్తే, నీళ్ళ తొట్లలో బ్లీచింగ్ వెయ్యడానికి మునిసిపాలిటీ నుంచి ఒకాయన వచ్చాడు. అవతలి తొట్టి అయ్యాక మా పెరట్లోకి వచ్చి సంపు మూత ఎత్తాడు. అటూ ఇటూ చూసి, నాలుగడుగుల దూరంలో ఉన్న సిమెంటు పలక మీద కాలితో తట్టాడు.

"గిదేంది, సెప్టిక్ ట్యాంకా? సంపు పక్కన్నే కట్టిండ్రేంది? ఎవలు కట్టిండ్రు గిట్ల?"

ఇంటాయన పైనుంచి దిగి వచ్చి, ఇల్లు కట్టిన మేస్త్రీ తప్పని ఏదో సర్దిచెప్పాడు. మర్నాడు సంపు కడిగించాడు. కడిగినవాళ్ళు లోపల గోడకి సన్నటి పగులు ఉందన్నారు. ఇంటివాళ్ళు పైన తాగేది వేరే నీళ్ళు. వాళ్ళ అబ్బాయి స్కూటరు మీద ఎక్కడినుంచో క్యాన్లలో తెచ్చేవాడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

రాత్రి భోజనాలయ్యాక మా వారికి చెప్పాను. కుండలో నీళ్ళు కాచలేదని, డాక్టరమ్మతో మాత్రం కాచినవేనని చెప్పానని.

"వాళ్ళ తొట్టికీ మన సంపుకీ ఒకటే ట్యాంకరు కదా" అన్నారు ఆయన. "ట్యాంకరులోనే ఉండొచ్చు. పసరులో ఉండొచ్చు. ఆ పుదీనా ఏ నీళ్ళు పోసి పెంచిందో ఏమిటో. నీ నీళ్ళ వల్లే అని ఎలా చెప్తావు?"

"నా నీళ్ళ వల్ల కాదని ఎలా చెప్తారండీ?"

"చెప్పలేను" అన్నారు. అని, లేచి నా పక్కకి వచ్చి కూర్చున్నారు. మా ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఊరుకోబెట్టడానికి అబద్ధం చెప్పకపోవడం నాకు మేలే చేసింది. ఆ రాత్రి మాత్రం, అబద్ధం చెప్పినా బాగుండేదని అనిపించింది.

కుండ పగలగొట్టలేదు. అలాంటిదేమీ చెయ్యలేదు. బోర్లించి మెట్ల కింద పెట్టాను. ఇల్లు మారేటప్పుడు అక్కడే వదిలేశాను. ఆడవాళ్ళు కొన్నాళ్ళు గోడ దగ్గరికి వచ్చి చూసి వెళ్ళేవారు. ఒకామె అడిగింది కూడా: "షర్బత్ ఇగ చెయ్యరా అమ్మా?" నిమ్మకాయలు దొరకడం లేదన్నాను. వేసవిలో దొరికి వానాకాలంలో ఎందుకు దొరకవని ఆమె అడగలేదు.

తర్వాత ఏడాదిన్నరకు మేము కొండాపూర్ వైపు మారాం. హైటెక్ సిటీ అప్పటికి తెరిచేశారు. చుట్టూ అద్దాల ఆఫీసులు లేస్తున్నాయి. మా అమ్మాయి స్కూలు బస్సు అలాంటి ఒక ఆఫీసు గేటు ఎదురుగా ఆగేది. మొదటి రోజే గేటు దగ్గర నీలం చొక్కా, టోపీ పెట్టుకున్న సెక్యూరిటీ మనిషి నా వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. అతనే.

"బాగున్నరా అమ్మా? చిన్నమ్మ గింత పెద్దదైందా!"

చిక్కిపోయాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదన్నాడు. ఊళ్ళో ఉండలేక వచ్చేశానన్నాడు. ఆ రోజు మొదలు రోజూ పలకరించేవాడు. బస్సు ఆలస్యమైతే కుర్చీ తెచ్చి వేసేవాడు. ఒకసారి గేటు లోపల కూలర్ నుంచి నా కోసం గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. తాగలేకపోయాను. చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"తాగుండ్రమ్మా, మంచి నీళ్ళే. ఫిల్టర్‌వి" అన్నాడు.

అప్పుడే చెప్పేశాను. అమ్మాయి బస్సెక్కి వెళ్ళిపోయింది. రోడ్డు మీద ఎవరూ లేరు. "నీకొక మాట చెప్పాలయ్యా. ఆ రోజు దవాఖానలో డాక్టరమ్మ అడిగితే కాచిన నీళ్ళని చెప్పాను. కాచలేదు. మా ఇంట్లోకి కాచేదాన్ని. మీ కుండలో సంపు నీళ్ళే పోసేదాన్ని. ఆ సంపులోకి మురుగు దిగుతోందని తర్వాత తెలిసింది."

అతను నా మొహంలోకి చూశాడు. అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. పోనీలే అమ్మా, మా రాత అంటాడని కూడా లోపల ఎక్కడో ఆశపడ్డాను. అందుకు సిగ్గుపడుతున్నాను.

"ఇప్పుడెందుకు చెప్తున్నరమ్మా నాకు?" అన్నాడు.

ఇన్నాళ్ళూ చెప్పాలి చెప్పాలి అనుకున్నాను గానీ, విన్న తర్వాత అతనేం చేసుకోవాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"నేను ఆ పసరు పోపిచ్చినందుకే సచ్చిపోయిందనుకొని బతుకుతున్న" అన్నాడు. "గిప్పుడు నన్నేం అనుకొమ్మంటరు?"

లోపలి నుంచి కారు హారన్ వినిపించింది. టోపీ పెట్టుకుని వెళ్ళి గేటు తీశాడు. కారు వెళ్ళిపోయాక కూడా నా వైపు రాలేదు. గ్లాసు గేటు పక్కన గోడ మీద పెట్టి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు అక్కడే ఉన్నాడు. చేతులు జోడించలేదు. మొహం తిప్పుకోనూ లేదు. మిగతా అందరినీ చూసినట్టే నన్నూ చూశాడు. ఆ విద్యా సంవత్సరం అయ్యేదాకా నేను రోజూ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆ గేటు ఎదురుగా నిలబడ్డాను. "ఆ అంకుల్ ఇప్పుడు మనతో మాట్లాడట్లేదేంటమ్మా?" అని అమ్మాయి ఒకసారి అడిగింది. డ్యూటీలో మాట్లాడకూడదమ్మా అన్నాను. దానికి అసలు సంగతి పెళ్ళీడు వచ్చాక గానీ చెప్పలేదు. చెప్పినప్పుడు అంతా విని, ఆమె పేరేంటమ్మా అని అడిగింది. పేరు నాకు గుర్తుంది. చెప్పాను.